నారింజపండు – లవంగమొగ్గ

గడచిన ఆశ్వయుజమాసమున, అమెరికాదేశమున ఉద్యోగము చేయుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు సెలవునకు వచ్చి, గురుదక్షిణగా నాకొక చిన్న సీసా నిచ్చి పోయెను. అది శరత్కాలపరిమళమట. ఆ దేశమున చెట్ల ఆకులు ఎఱ్ఱబాఱి రాలుదినములలో దానిని ఇండ్లయందు చల్లుకొందురట. నారింజతొక్క, దాల్చినచెక్క, లవంగము, జాజికాయ మొదలగు ప్రకృతిద్రవ్యములనుండియే దానిని తీసితిమని సీసాపై వ్రాసియున్నది. మా యింటియిల్లాలు మూత తీసి వాసన చూచి, "దీనికోసమా అబ్బాయి అంత దూరంనుంచి మోసుకొచ్చాడు? మన మసాలాడబ్బా మూత తీసినా ఇదే వాసన కదండీ!" అని నవ్వినది.

ఆమె హాస్యమునకు అన్నమాటయే నన్ను ఆలోచనలో పడవేసినది. మన వంటయింటి వాసన పడమటిదేశములకు పోయి, అక్కడ ఒక ఋతువునకు గుఱుతై, మరల మనకే కానుకగా వచ్చుట యెట్లు సంభవించెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోగా, ఏడువందల యేండ్ల చరిత్ర బయటపడినది. అందు మతాధికారులును, వైద్యులును, వర్తకులును కలరు. మన బందరు నేతగాండ్రును కలరు. అంతమాత్రమే కాదు, నన్ను నేను తప్పుపట్టుకొనవలసిన విషయమును అందు కలదు.

మనవారికి శరత్తు వెన్నెలల ఋతువు. వేదకాలపు ఋషి నిండు నూఱేండ్లాయువును కోరినపుడు, నూఱు శరత్తులు జీవింపవలెననియే కోరెను. అయినను అది రోగముల కాలమనియు పెద్దలెఱుగుదురు. శరత్తు వైద్యులకు తల్లివంటిదని సంస్కృతమున నొక లోకోక్తి కలదు. ఆ ఋతువున ప్రబలు వ్యాధులే వైద్యుని పోషించునని దాని తాత్పర్యము. ఈ రెండు భావములును ఐరోపాఖండపు శరత్తునందును కలవు. ఆపిలు, బేరిపండ్లు కోతకు వచ్చి ఇల్లు నిండు కాలమది. మఱి లండను మొదలగు పట్టణములలో ప్లేగు మహోగ్రమైన కాలమును వేసవి చివర, శరత్తు మొదటి దినములే. నేడు పండుగవాసనగా అమ్మబడుచున్న ఈ పరిమళము ఒకప్పుడు మృత్యుభయమున ముక్కునొద్ద పట్టుకొనిన ఔషధము.

దాని పాతరూపమును ఇప్పటికిని కొన్ని యిండ్లలో చేయుచున్నారు. ఒక నారింజపండును తీసికొని, దాని తొక్కనిండ సూదితో రంధ్రములు పొడిచి, ఒక్కొక్క రంధ్రమున నొక్కొక్క లవంగమును గ్రుచ్చెదరు. పిమ్మట దాల్చినచెక్కపొడియందును, ఒకజాతి ఐరిసుపూవు దుంపను ఎండబెట్టి దంచిన పొడియందును దొర్లించి, గాలి తగులుచోట వ్రేలాడదీసెదరు. పండు క్రుళ్లదు. లవంగమునందలి తైలము బూజు పట్టనీయదు. రంధ్రములనుండి తేమ మెల్లమెల్లగా పోవును. కొన్ని వారములకు అది ముడుచుకొని, కఱ్ఱవలె గట్టిపడి, నెలలతరబడి సువాసన నిచ్చుచుండును. దీనిని 'పోమాండరు' అందురు. ఫ్రెంచిభాషయందు అంబరుపండు అను అర్థమునిచ్చు మాటనుండి ఈ పేరు పుట్టినది. మొదట అంబరు, కస్తూరి, జవ్వాది మొదలగువానిని కలిపి చేసిన ముద్దకే ఈ పేరు చెల్లుచుండెను. ధనవంతులు దానిని చిల్లులు గల వెండిబంతులలోను బంగారుబంతులలోను పెట్టి మెడకో నడుమునకో వ్రేలాడదీసికొనిరి. వానిలో కొన్ని నారింజతొనలవలె విచ్చుకొనును. ఒక్కొక్క తొనయం దొక్కొక్క సుగంధద్రవ్యము, దాని పేరు పైన చెక్కబడియుండును. పాశ్చాత్యుల వస్తుప్రదర్శనశాలలలో ఇట్టివానిని నేటికిని చూడవచ్చును.

గంధద్రవ్యముల కూర్పు మనకు క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు గంధయుక్తికి ఒక ప్రత్యేకాధ్యాయమునే వ్రాసెను. అయితే మన వంటయింటనున్న లవంగము మనదేశపుది కాదను సంగతి మనలో చాలమంది యెఱుగరు. కాళిదాసు ఎఱుగును. రఘువంశమున ఇందుమతీస్వయంవరఘట్టమున కళింగరాజును వర్ణించుచు, ద్వీపాంతరములనుండి లవంగపుష్పముల వాసనను మోసికొని వచ్చు గాలిని ఆయన పేర్కొనెను. అనగా, మన తూర్పుతీరమునకు లవంగము ఓడలమీద వచ్చెడిదని ఆనాటి కవికి తెలియును. కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుగంధద్రవ్యములకును, చందనకర్పూరములకును, పన్నీటికిని సుంకములు నిర్ణయింపబడినవి. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులవలె తాను అపహరింపనని ఆ శాసనమున రాజు వర్తకులకు మాట యిచ్చెను. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు పరిమళద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టి గొప్ప వణిజుడు. శ్రీనాథుడు హరవిలాసమును అతనికే అంకితమిచ్చెను. ఒక సుగంధవర్తకుడు కావ్యమునకు కృతిపతి యగునంత సంపద ఈ వ్యాపారమున నుండెను.

ఆ సంపదకు మూలము దూరము. లవంగవృక్షము పూర్వము తూర్పుసముద్రమున తెర్నాతె, తిదోరె మొదలగు కొలదిపాటి చిన్న దీవులలోమాత్రమే పెరిగెడిది. మనము వాడు లవంగము దాని విప్పారని మొగ్గ. జాజికాయయు జాపత్రియు ఒకే చెట్టు సంతానము. అది గింజ, ఇది గింజపై నల్లుకొనిన ఎఱ్ఱని పొర. ఆ చెట్టునకు బాండా అను మఱికొన్ని చిన్న దీవులే పుట్టినిల్లు. మేలైన దాల్చిన సింహళమునది. ఈ సరకు జావా, మలయా, మన తీరములు, పారశీకము, అరబ్బుదేశము, వెనీసునగరము అను మజిలీలు దాటి లండను చేరుసరికి, చేతులు మాఱిన ప్రతిచోటను వెల పెరుగుచు వచ్చెను. కొన్నవానికి చెట్టు ఎక్కడిదో తెలియదు. కోసినవానికి కొన్నవాడెవడో తెలియదు.

1347లో ప్లేగు ఐరోపాకు వచ్చెను. నాలుగైదేండ్లలో అచటి ప్రజలలో మూడవవంతునకు తక్కువ కాకుండ నశించిరని చరిత్రకారుల అంచనా. ఫ్రాన్సు రాజు పారిసు వైద్యపండితులను కారణమడిగెను. 1345లో కుంభరాశియందు శని, గురు, కుజులు కూడుటవలన వాయువు చెడినదనియు, ఆ దుర్వాయువు ఊపిరివెంట లోనికి పోయి రోగమగుచున్నదనియు 1348లో వారు నివేదించిరి. గ్రహములపై నెపము వేయుటలో మనవా రొంటరివారు కారని చదువరులు గ్రహింతురు గాక! రోగము చెడువాసనతో వచ్చునన్నచో, మంచివాసనయే కవచము. ఈ తర్కమున తప్పు లేదు. దాని పునాదియే తప్పు. వైద్యులు ధూపములు వేయుడనియు, వెనిగరు చల్లుడనియు, సుగంధపుముద్దలను ముక్కునొద్ద ఉంచుకొనుడనియు విధించిరి. ధనవంతుడు అంబరును పట్టుకొనెను. అంత శక్తిలేనివాడు మూలికలను పట్టుకొనెను. ఏమియు లేనివాడు ఊపిరి పీల్చుకొనెను.

ఈ నారింజకు చరిత్రలో నొక ప్రసిద్ధచిత్రము కలదు. ఎనిమిదవ హెన్రీరాజునొద్ద 1515 మొదలు 1529 వఱకు మహామంత్రిగా నుండిన కార్డినలు ఊల్సీ ప్రతిదినము న్యాయసభకు పోవునపుడు, లోపలి గుజ్జు తీసివేసి, వెనిగరునందును ఇతరౌషధములందును ముంచిన స్పంజి కూర్చిన నారింజపండును చేత పట్టుకొనెడివాడట. ఆయన పరివారములోనివాడగు జార్జి కావెండిషు తాను వ్రాసిన చరిత్రయందు ఈ సంగతిని చెప్పుచు, జనసమ్మర్దములో నడచునపుడును, అర్జీదారులు చుట్టుముట్టినపుడును ఆయన దానిని వాసన చూచుచుండెడివాడని వ్రాసెను. ఊల్సీ ఇప్స్విచి పట్టణమునందలి యొక కసాయివాని కుమారుడని ప్రసిద్ధి. ఏ జనమునుండి ఆయన పైకి వచ్చెనో ఆ జనము కష్టములు చెప్పుకొన దగ్గఱకు వచ్చినపుడు, ఆ జనమునకును ఆయన ముక్కునకును నడుమ నారింజపండు నిలిచెను. రోగభయమొకటి, మనుష్యులపై ఏవగింపు మఱియొకటి. ఈ రెంటిలో ఏది యెంతపాలో ఆయనకే తెలిసియుండదు.

1665లో లండనులో మరల ప్లేగు చెలరేగెను. సెప్టెంబరు నడుమ ఒక్క వారములోనే ఏడువేలకు పైగా మరణించిరని ఆనాటి మరణపట్టికలు చెప్పుచున్నవి. మొత్తముమీద లక్షమంది వఱకు పోయిరని అంచనా. రాజును ధనికులును ముందే నగరము విడిచిపోయిరి. మిగిలినవారు వీధులలో మంటలు వేసిరి, పొగాకు త్రాగిరి, మూలికలు మూచూచిరి. మృత్యువు వాసనను లెక్కచేయలేదు.

ఇంతలో పడమటివారు మధ్యవర్తులను తొలగించి సుగంధద్రవ్యముల మూలమునకే పోవ నుద్యమించిరి. ఇంగ్లీషు కంపెనీ 1600లోను, డచ్చి కంపెనీ 1602లోను ఏర్పడెను. డచ్చివారు మలుకాదీవులకు పోయి చూడగా అక్కడివారు వెండికంటె బట్టలను కోరిరి. అందును మన తీరమున చిరివేరు రంగులో తడిసిన ఎఱ్ఱని బట్టలయందు వారికి మక్కువ. కాబట్టియే డచ్చివారు 1605లో మచిలీపట్టణమునకు వచ్చిరి. నిజాంపట్టణమునను, పులికాటునను, పిమ్మట పాలకొల్లునను వర్తకస్థానములు నెలకొల్పిరి. కోరమాండలుతీరము మలుకాదీవులకు ఎడమచేయి వంటిదనియు, ఇక్కడి బట్టలు లేక అక్కడి వర్తకము చచ్చినట్లే యనియు 1612లో వారి యధికారి యొకడు వ్రాసెను. బందరులోని వలందపాలెము ఆ హాలెండువారి పేరనే నేటికిని నిలిచియున్నది. మన నేతగాడు మగ్గముమీద నేసిన గుడ్డ ఓడయెక్కి పోయి లవంగమై, ఆ లవంగము మఱియొక ఓడయెక్కి పోయి లండనులో నారింజపై నెక్కెను. మా యింటియిల్లాలి మాటలో నున్న సత్యమిది.

ఇక ఈ పరిమళమునకు చెల్లింపబడిన వెలను చెప్పవలెను. జాజికాయ తమకొక్కరికే దక్కవలెనని డచ్చివారు కోరిరి. బాండాప్రజలు తమకు నచ్చినవారికి అమ్ముకొనుచుండిరి. 1621లో గవర్నరు జనరలు కూన్ సైన్యముతో ఆ దీవులపై పడెను. నలువది నలుగురు పెద్దలను తల నఱికించెను. ఊళ్లు కాల్చిరి; కొండలలోనికి పాఱిపోయినవారు ఆకలిచే మాడిరి; చిక్కినవారు బానిసలైరి. దాడికి ముందు సుమారు 15,000 మంది యుండిన ఆ దీవులలో పిదప మిగిలినవారు వేయిమంది యని అంచనా. భూమిని తోటలుగా విభజించి డచ్చివారికి పంచియిచ్చి, పనికి పరదేశములనుండి బానిసలను తెచ్చిరి. ఆ బానిసలలో మన తూర్పుతీరపువారును కలరు. కఱవుకాలములలో గింజలు లేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొనిన దీనులను పులికాటు మొదలగు రేవులనుండి ఓడలకెక్కించి బటేవియాకు పంపిరి. మన తీరమునుండి గుడ్డయు పోయెను, గుడ్డ నేయుచేతులును పోయెను.

పిమ్మటి కథ లోభము ఎంత దూరము పోగలదో చూపును. జాజిగింజ మఱియొకచోట మొలవకుండుటకు దానిని సున్నపునీట ముంచి అమ్మిరి. తమ యదుపులో లేని దీవులలోని లవంగవృక్షములను నఱికించిరి. రన్ అను చిన్న జాజిదీవిపై హక్కును ఇంగ్లీషువారు వదలుకొనగా, నేడు న్యూయార్కు నిలిచియున్న మాన్‌హాటనుపై హక్కును డచ్చివారు 1667 బ్రేడాసంధిలో వదలుకొనిరి. వెల తగ్గకుండుటకై 1760లో ఆంస్టర్‌డాంనగరమున జాజికాయలు మొదలగు సరకును రాసులు పోసి కాల్చుట చూచితినని ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞు డొకడు వ్రాసియున్నాడు. తుదకు 1770లో పియేరు పువావ్రు అను ఫ్రెంచివాడు మొక్కలను రహస్యముగా మారిషసు చేర్చుటతో ఆ గుత్త విఱిగెను. లవంగము జాంజిబారునకు పోయెను. అక్కడను బానిసలే కోసిరి. మన దక్షిణదేశమున కుర్తాళపు తోటలలో లవంగము నాటినది సుమారు 1800 ప్రాంతమున. డచ్చివారి తూర్పుదీవులలో బానిసత్వము చట్టముచే తొలగినది 1860లో.

దుర్వాయుసిద్ధాంతము పందొమ్మిదవ శతాబ్ది వఱకు బ్రదికియుండెను. ఘాటైన దుర్గంధమే వ్యాధియని ఇంగ్లండునందలి ఆరోగ్యసంస్కర్త ఎడ్విను చాడ్విక్ నమ్మెను. 1854లో జాను స్నో యను వైద్యుడు కలరా గాలివలన గాక మురుగు కలిసిన నీటివలన వచ్చుచున్నదని ఒక వీధి పంపును ఆధారముగా చూపినను, పలువురు నమ్మలేదు. 1858 వేసవిలో థేమ్సునది కంపు భరింపరానిదై, పార్లమెంటుభవనపు కిటికీతెరలను క్లోరైడు కలిపిన సున్నపునీట ముంచి వ్రేలాడదీసిరి. అది పార్లమెంటు పట్టుకొనిన నారింజపండు! అయితే సభ్యులు అంతటితో ఆగలేదు. ఆ యేడే శాసనము చేసి, బజాల్జెట్టు అను ఇంజనీరుచేత నగరమంతటికిని భూగర్భపు మురుగుకాలువలు కట్టించిరి. 1866లో కలరా మరల వచ్చినపుడు, ఆ కాలువలు ఇంకను పూర్తికాని తూర్పుభాగమునందే అది విజృంభించెను. పిమ్మట 1894లో హాంకాంగులో యెర్సాను ప్లేగుక్రిమిని కనుగొనెను. అది ఎలుకలనుండి గోమార్లవంటి పురుగులద్వారా మనుష్యునకు వచ్చునని 1898లో కరాచీలో సీమోను ప్రయోగము చేసి చూపెను. ఐదువందల యేండ్లు ముక్కునకు కట్టిన కావలి వ్యర్థమని తేలిపోయినది. శత్రువు కాలినుండి వచ్చుచుండెను.

ఇందు నాకు విచారణీయముగా తోచిన విషయమొకటి కలదు. ఊల్సీ నమ్మినదియు చాడ్విక్ నమ్మినదియు ఒకే తప్పుసిద్ధాంతము. చెడువాసన రోగమని ఇద్దఱును నమ్మిరి. ఒకడు తన ముక్కును కాపాడుకొనెను. దానివలన ఎవరికిని, తనకును, మేలు కలుగలేదు. రెండవవాడును అతని తరమువారును వీధిని శుభ్రము చేయవలెననిరి. సిద్ధాంతము తప్పైనను కొన్ని లక్షల ప్రాణములు నిలిచినవి. జ్ఞానము కావలసినదే, కాదనను. కాని అజ్ఞానములో సయితము, దుర్గంధమును చూచి మనుష్యుడు ఏవైపు అడుగు వేయుచున్నాడను దానిని బట్టి ఫలము మాఱుచున్నది.

ఈ వ్యాసమును ఇచ్చట ముగింపవచ్చును. కాని ముగించినచో నేను నిజాయితీగలవాడను కాను. ఆ సీసా వచ్చిన కొలదిదినములకే మా వీధి మురుగుకాలువ పూడిపోయినది. ఇద్దఱు పనివారు వచ్చిరి. ఒకడు నడుమునకు త్రాడు కట్టుకొని గోతిలోనికి దిగెను. దుర్గంధము వీధియంతయు క్రమ్మెను. నేను చేతిరుమాలుపై ఆ శరత్పరిమళమును రెండు చుక్కలు వేసికొని, ముక్కునొద్ద పట్టుకొని, పని సరిగా జరుగుచున్నదో లేదో చూచుటకు గుమ్మమున నిలిచితిని. అతడు పైకి వచ్చి మా యరుగుచెంత నిలిచి, "అయ్యా, కాసిని మంచినీళ్లు ఇప్పించండి" అని యడిగెను. నేను తెలియకుండగనే ఒక యడుగు వెనుకకు వేసితిని. ఇల్లాలు లోపలినుండి మేము త్రాగు గ్లాసుతోనే నీరు తెచ్చి అతని చేతికిచ్చి, "నీ పేరేమిటి నాయనా?" అని యడిగినది. అరగంటనుండి అక్కడ నిలిచియున్న నాకు ఆ ప్రశ్న తోచలేదు. అతని ముఖమునకు ఏ తొడుగును లేదు. ముక్కును కప్పుకొనినది గోతిలోనికి దిగినవాడు కాదు, గట్టుమీద నున్నవాడను, నేను.

పాకీపనిని నిషేధించు చట్టము 1993లో వచ్చెను. రక్షణపరికరములు లేకుండ మనుష్యుని మురుగుకాలువలోనికి దింపుట 2013 నాటి చట్టమువలన జైలుశిక్షకు తగిన నేరమైనది. అట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు పరిహార మీయవలెనని సర్వోన్నతన్యాయస్థానము 2014లో ఆజ్ఞాపించి, 2023లో దానిని ముప్పది లక్షలకు పెంచెను. అయినను గోతులలో ఊపిరాడక మనుష్యులు చచ్చుచునే యున్నారు. చట్టము తెలియదని నేననలేను; పై తరగతులకు దానిని బోధించినవాడను. ఆ సాయంకాలమే, మా వీధికి యంత్రమునే పంపవలెననియు, మనుష్యుని దింపరాదనియు ఒక యర్జీ వ్రాసి ఇంటింటికి తిరిగితిని. పలువురు సంతకము చేసిరి. ఒక పెద్దమనిషి మాత్రము, "యంత్రం వచ్చేదాకా ఈ కంపు ఎవరు భరిస్తారు మాష్టారూ?" అని తలుపు వేసికొనెను. ఆయనను నిందింప నాకు నోరు రాలేదు. మొన్నటివఱకు నేనును ఆ తలుపు వెనుకనే యుంటిని.

సుగంధము దోషము కాదు. పండుగనాడు సాంబ్రాణి వేసికొందము. అమెరికావారు నారింజకు లవంగములు గ్రుచ్చుకొందురు గాక. ఆ పరిమళము ఎవరి చేతులమీదుగా వచ్చెనో యెఱుగుటయు, దానిని ఎవరికి అడ్డముగా పట్టుకొనుచున్నామో చూచుకొనుటయు మన విధి. ఆ సీసా ఇప్పుడు మా వంటయింటి గూటిలో, మసాలాడబ్బా ప్రక్కన నున్నది. అర్జీకి సమాధానము ఇంకను రాలేదు. మరల ఒక ప్రతి తీసి పంపుచున్నాను.